ఆగి గెలిచిన మొనగాడు ఫాంజియో

కర్నూలు, కడప జిల్లాల్లో పందెం అనగానే మనకు మొదట గుర్తుకొచ్చేది బండలాగుడు. తిరునాళ్ళలో ఎద్దుల జత బండను ఈడుస్తూంటే జనమంతా చుట్టూ చేరి కేకలు పెడతారు. పందెం ఎరిగిన పెద్దలు మాత్రం కేకలు పెట్టరు. ఎద్దు నోట నురుగు ఎంత వస్తున్నదీ, డొక్కలు ఎట్లా ఎగరేస్తున్నదీ, తోలేవాడు చర్నాకోల ఎప్పుడు ఝుళిపిస్తున్నదీ గమనిస్తూ ఉంటారు. జతలో ఉన్న సత్తువను ఆఖరి నిమిషం దాకా దాచి వాడుకొన్నవాడిదే గెలుపని వాళ్ళకు తెలుసు. మోటారు పందేల లోకంలో ఈ కిటుకును బాగా ఎరిగినవాడు జువాన్ మాన్యుయల్ ఫాంజియో. ఐదుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన ఆ మహానుభావుని జీవితాన్ని నాకు తెలిసినంతలో మిత్రులకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

యాడనో అర్జెంటీనా దేశపు కారు పందెగాడు మనకెందుకని కొందరు అడగవచ్చు. 2023 ఫిబ్రవరి 11న మన హైదరాబాదులోనే హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఆ తరగతి పందెం భారతదేశంలో జరగడం అదే మొదలు. ఇట్లాంటి పందేల ముచ్చట వచ్చినప్పుడల్లా మా హాస్టల్లో ఒక మాట వినబడుతుంది. ఎవడి కారుకు వేగం ఎక్కువైతే వాడు గెలుస్తాడు, ఇందులో తెలివేముంది అని. ఆ మాటకు ఫాంజియో జీవితమే జవాబు. కారు ఎంత వేగంగా పోగలదన్నది ఒక లెక్క. దాని టైర్లు ఎంతసేపు ఆ వేగాన్ని మోయగలవన్నది ఇంకో లెక్క. ఈ రెండో లెక్క రానివాడు మొదటి లెక్కలో ఎంత మొనగాడైనా పందెం నడుమ కూలబడతాడు.

ఫాంజియో 1911 జూన్ 24న బాల్కార్సే అనే చిన్న ఊళ్ళో జన్మించాడు. బ్యూనస్ ఎయిరిస్ నగరానికి దక్షిణాన సుమారు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊరు ఉర్లగడ్డల సేద్యానికి పేరుపడ్డది. తల్లిదండ్రులు ఇటలీ నుంచి పొట్టచేత బట్టుకొని వచ్చినవాళ్ళు. తండ్రి తాపీమేస్త్రీ, తల్లి బట్టలు కుట్టేది. ఆరుగురు బిడ్డల్లో ఈయన నాలుగోవాడు. బడిచదువు ఎక్కువకాలం సాగలేదు. చిన్నవయసులోనే ఒక మెకానిక్కు షాపులో పనికి కుదిరాడు. నట్లు విప్పడం, గ్రీజు తుడవడం, ఇంజను శబ్దం విని రోగం పసిగట్టడం, ఇదే ఆయన కాలేజీ. మధ్యలో న్యుమోనియా వచ్చి చావు అంచుదాకా వెళ్ళి బతికాడు. ఫుట్‌బాల్ బాగా ఆడేవాడు. కాళ్ళు కొంచెం వంకరగా ఉండటంచేత స్నేహితులు దొడ్డికాళ్ళవాడని ముద్దుపేరు పెట్టారు. ప్రపంచ విజేత అయిన తర్వాత కూడా ఆ దేశంలో జనం ఆయన్ను ఆ పేరుతోనే పిలుచుకొన్నారు.

సైన్యంలో తప్పనిసరి కొలువు ముగించుకొని వచ్చి, మిత్రులతో కలిసి సొంత షెడ్డు పెట్టుకొన్నాడు. 1936లో మొదటిసారి పందెంలో దిగినప్పుడు తోలింది టాక్సీగా తిరిగే ఒక పాత ఫోర్డు కారు! కొన్నేళ్ళకు బాల్కార్సే జనం తలా కొంత చందా వేసుకొని ఆయనకు షెవర్లే కారు కొనిచ్చారు. ఆ కారుతోనే 1940లో బ్యూనస్ ఎయిరిస్ నుంచి పెరూ దేశంలోని లీమా దాకా పోయి తిరిగివచ్చే మహా పందెం గెలిచాడు. మొత్తం దూరం సుమారు 9,500 కిలోమీటర్లు. ఆండీస్ పర్వతాలు ఎక్కి దిగాలి. చాలామటుకు మట్టిదారులు, రాళ్ళదారులు. దారిలో బండి చెడితే తోలేవాడూ, తోడుగా కూర్చున్న మెకానిక్కూ చేతులు మసిచేసుకోవలసిందే. ఒక్కరోజు గొప్పకోసం బండిని విరగ్గొట్టుకొన్నవాడు మర్నాడు రోడ్డుపక్కన కూర్చుంటాడు. బండిని బాధపెట్టకుండా తోలడమనే విద్య ఫాంజియోకు అబ్బింది ఇక్కడే అని నా ఉద్దేశం. 1940, 1941 సంవత్సరాల్లో ఆయన తన దేశపు రోడ్డు పందేల విజేత. తర్వాత యుద్ధంవల్ల కొన్నేళ్ళు పందేలే లేవు.

ఆయన దారి పూలబాట ఏమీ కాదు. 1948లో కారకాస్ పట్టణానికి సాగిన ఇంకొక దూరపు పందెంలో కారు బోల్తాకొట్టి తోడుగా ఉన్న స్నేహితుడు డేనియల్ ఉర్రూటియా చనిపోయాడు. ఆ దెబ్బకు ఫాంజియో పందేలు మానుకుందామా అని మథనపడ్డాడు. మానలేదు. 1949లో యూరపుకు పోయి శాన్ రెమోలో గెలిచేనాటికి ఆయనకు 37 ఏళ్ళు. ఆ వయసుకు ఇప్పటి పందెగాళ్ళు చాలామంది ఇంటిదారి పడతారు. ఈయన అప్పుడు మొదలుపెట్టాడు.

ఇక్కడ సైన్సు విద్యార్థిగా టైరు సంగతి కొంచెం విప్పి చెప్పడం అవసరం. రోడ్డును పట్టుకొని కారును మలుపు తిప్పేది ఇంజను కాదు. నాలుగు టైర్లు నేలను తాకేచోట ఉండే, మన అరచేతులంత రబ్బరు ముక్కలే ఆ పనంతా చేస్తాయి. రబ్బరు మెత్తనైతే రోడ్డు గరుకులోకి బాగా దిగి పట్టు ఇస్తుంది, అయితే తొందరగా అరుగుతుంది. గట్టిదైతే చాలాసేపు ఉంటుంది గానీ పట్టు తక్కువ. చక్రం తిరిగిన ప్రతిసారీ రబ్బరు నొక్కుకొని మళ్ళీ సాగుతుంది. ఆ నలుగుడులో కొంత శక్తి వేడిగా మారుతుంది. వేడి తగుమాత్రంగా ఉంటే పట్టు పెరుగుతుంది. మితిమీరితే రబ్బరు బొబ్బలెక్కి ఊడిపోతుంది. మే నెల ఎండలో నాపరాళ్ళ లోడుతో నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా పోయే లారీ డ్రైవర్లకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. బరువు ఎక్కువైనా, ఎండ ఎక్కువైనా, బటన్ అరిగినా టైరు పగులుతుందని వాళ్ళు పుస్తకం చూడకుండానే చెబుతారు. మా నాయన కూడా అంతే. దూరం పోయేముందు బండి ఆపి ఇరుసుకు కందెన పెట్టకుంటే మధ్యదారిలో ఇరుసు ఏడుస్తుందనేవాడు.

పందెపు కారు కూడా దారిపక్కన ఒక తావున ఆగుతుంది. దాన్ని పిట్ అంటారు. మెకానిక్కులు అక్కడ కాచుకొని ఉండి టైర్లు మారుస్తారు. ఆ రోజుల్లో ఇంధనం కూడా అక్కడే పోసేవారు. ఆగితే కాలం నష్టం. ఆగకపోతే అరిగిన టైర్లతో ప్రతి చుట్టులోనూ కొంచెం కొంచెం నష్టం. ఏ నష్టం తక్కువో ముందుగా లెక్కవేసుకోవడమే అసలు ఎత్తుగడ.

1951లో ఈ లెక్క రెండు వైపులా పనిచేయడం ఫాంజియో కళ్ళారా చూశాడు. అప్పుడాయన ఆల్ఫా రోమియో కారు తోలేవాడు. దాని ఇంజను చిన్నదే గానీ గాలిని బలవంతంగా లోపలికి తోసే యంత్రం ఉన్నందువల్ల బలం జాస్తి, దాహం అంతకంటె జాస్తి. లీటరుకు కిలోమీటరైనా పోదు! ఆ ఏడు జులైలో ఇంగ్లండులోని సిల్వర్‌స్టోన్ పందెంలో ఇంధనానికి ఎక్కువసార్లు ఆగవలసివచ్చి, తన దేశస్థుడే అయిన గొంజాలెజ్ చేతిలో సుమారు 50 సెకన్ల తేడాతో ఓడిపోయాడు. గొంజాలెజ్ తోలిన ఫెరారీకి దాహం తక్కువ. అక్టోబరు 28న స్పెయిన్‌లోని పెడ్రాల్బెస్‌లో జరిగిన చివరి పందెంనాటికి కథ తిరగబడింది. ఫెరారీ వాళ్ళు మామూలుకంటె చిన్న చక్రాలు ఎంచుకొన్నారు. చిన్న చక్రం అంతే దూరానికి ఎక్కువసార్లు తిరగాలి, కాబట్టి ఎక్కువ వేడెక్కుతుంది. పందెం మొదలైన కాసేపటికే వాళ్ళ టైర్ల పైరబ్బరు ఊడిపోసాగింది. ఒకరి తర్వాత ఒకరు పిట్‌లోకి రావలసివచ్చింది. ఫాంజియో పందెమూ గెలిచాడు, తొలిసారి ప్రపంచ విజేతా అయ్యాడు.

మరుసటి ఏడాది జూన్‌లో విధి ఆయన్ను బలవంతంగా ఆపింది. ఐర్లండులో ఒక పందెం ముగించుకొని, రాత్రంతా కారు తోలుకొంటూ ఇటలీలోని మోంజా చేరి, నిద్రలేని కళ్ళతో నేరుగా ఇంకో పందెంలో దిగాడు. రెండో చుట్టులోనే కారు పల్టీకొట్టి మెడ ఎముక విరిగింది. ఆ సంవత్సరమంతా మంచాన, ఇంటిపట్టున గడిచిపోయింది. యంత్రానికి విశ్రాంతి ఎప్పుడివ్వాలో తెలిసిన మనిషి తన ఒంటి విషయంలో ఆ ఒక్కసారి లెక్క తప్పాడు. ఆ తర్వాత మళ్ళీ అట్లా అలసి పందెంలో కూర్చోకూడదని కట్టుబాటు చేసుకొన్నాడు.

1954, 1955 రెండేళ్ళూ ఆయనవే. మొదట మసెరాటి, తర్వాత మెర్సిడెస్ కార్లు. 1955 జూన్ 11న ఫ్రాన్సులోని ల మాన్ పందెంలో ఒక కారు జనంమీదికి ఎగిరిపడి ఎనభైమందికి పైగా మరణించారు. ఆ కారు వెనకనే వస్తున్న ఫాంజియో వెంట్రుకవాసిలో బయటపడ్డాడు. ఆ సంవత్సరాంతానికి మెర్సిడెస్ సంస్థ పందేలనుంచి తప్పుకొంది. 1956లో ఆయన ఫెరారీకి మారాడు. సెప్టెంబరు 2న మోంజాలో జరిగిన చివరి పందెంలో ఆయన కారు స్టీరింగు చెడి పిట్‌లో నిలబడిపోయింది. ఆనాటి నిబంధన ప్రకారం ఒకరి కారు ఇంకొకరు తీసుకోవచ్చు. టైర్లు చూపించుకోవడానికి ఆగిన పీటర్ కొలిన్స్ అనే 24 ఏళ్ళ ఇంగ్లీషు యువకుడు, ప్రపంచ విజేత అయ్యే అవకాశం తనకు ఇంకా మిగిలి ఉండి కూడా, మారు మాట లేకుండా కారు దిగి ఫాంజియోకు ఇచ్చేశాడు. ఫాంజియో రెండో స్థానంలో ముగించి నాలుగోసారి విజేత అయ్యాడు. పందెపు లోకంలో ఇంతటి త్యాగం అరుదు.

ఇక 1957 ఆగస్టు 4. జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్. కొండలు, అడవుల మధ్య మెలికలు తిరిగే బాట అది. ఒక్క చుట్టు 22.8 కిలోమీటర్లు. వందకుపైగా మలుపులు. 22 చుట్లు తిరగాలి, అంటే 500 కిలోమీటర్లకు పైమాటే. ఫాంజియోకు అప్పటికి 46 ఏళ్ళు. మళ్ళీ మసెరాటికి వచ్చి 250ఎఫ్ అనే ఎర్ర కారు తోలుతున్నాడు. ఎదుట ఫెరారీ కార్లలో ఇద్దరు కుర్రవాళ్ళు, మైక్ హాథార్న్, అదే పీటర్ కొలిన్స్. ఫెరారీ వాళ్ళ ఆలోచన ట్యాంకు నిండా ఇంధనం, గట్టి టైర్లు, ఎక్కడా ఆగకుండా పోవడం. ఫాంజియో వేరే లెక్క వేశాడు. సగం ట్యాంకుతో, మెత్తటి టైర్లతో బయలుదేరాలి. బరువు తక్కువ, పట్టు ఎక్కువ కాబట్టి ప్రతి చుట్టులో కొన్ని సెకన్లు లాభం. సగం పందెం అయ్యేసరికి అరనిమిషం కూడబెట్టి, దాన్ని పిట్‌లో ఖర్చుపెట్టి, కొత్త టైర్లతో మళ్ళీ మొదలుపెట్టాలి. లెక్క చక్కగా ఉంది.

మొదటి సగం అనుకున్నట్లే సాగింది. సుమారు 30 సెకన్ల ఆధిక్యంతో పిట్‌లోకి వచ్చాడు. అక్కడ మెకానిక్కులు తడబడ్డారు. అరనిమిషంలో ముగియవలసిన పనికి దాదాపు రెట్టింపు కాలం పట్టింది. ఫాంజియో మళ్ళీ బాట ఎక్కేసరికి ఫెరారీలు రెండూ ముందుకు వెళ్ళిపోయాయి. తాను 45 సెకన్లకు పైగా వెనకబడ్డాడు. కూడబెట్టిందంతా పోయి అప్పు మిగిలింది.

మిత్రులారా, ఈ ఘట్టం చదివినప్పుడు నాకు నా సంగతే గుర్తుకొచ్చింది. ఇంటర్ పాసైన ఏడాది వానలు లేక శెనక్కాయ పంట పోయింది, బోరు ఎండింది. ఒక ఏడాది చదువు ఆపి సేద్యంలో నాయనకు తోడున్నాను. నా తోటివాళ్ళు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా నేను మొదటి సంవత్సరంలో చేరాను. మన కాలేజీలో నాలాంటివాళ్ళు ఒకరిద్దరు కాదు, చానామంది ఉన్నారు. మడక వదిలి వచ్చినవాళ్ళు, చెల్లెలి పెండ్లికోసం చదువు ఆపి కూలికి పోయి వచ్చినవాళ్ళు. ఆగిన ఏడాది దండగే అయిందని మనలో మనమే దిగులుపడుతుంటాం. అందుకే పిట్‌లోంచి బయటికొచ్చిన ఫాంజియో ఏమి చేశాడో మనం శ్రద్ధగా చూడాలి.

ఆయన వెంటనే ఎగబడలేదు. కొత్త టైర్లు కుదురుకొనేదాకా ఒకటి రెండు చుట్లు ఓపికపట్టాడు. అప్పట్లో కారులో రేడియో లేదు. పిట్ ముందునుంచి పోయేటప్పుడు పలకమీద రాసి చూపించినదే సమాచారం. ఆ పెద్ద బాటమీద ఆ పలక తొమ్మిదిన్నర నిమిషాలకొకసారి కనబడుతుంది. ముసలాయన పని అయిపోయిందని ఎదుటివాళ్ళు నిమ్మళించారు. తర్వాత మొదలైంది అసలు పందెం. మామూలుగా చిన్న గేరులో పోయే మలుపుల్ని ఒక గేరు పెంచి తిప్పాడు. చుట్టు తర్వాత చుట్టు రికార్డు బద్దలుకొడుతూ వచ్చాడు. అంతకుముందు ఏడాది పందెంలో తానే నెలకొల్పిన రికార్డు 9 నిమిషాల 41.6 సెకన్లు. ఈసారి ఇరవయ్యో చుట్టును 9 నిమిషాల 17.4 సెకన్లలో తిరిగాడు. అంటే 24 సెకన్లకు పైగా తక్కువ! బయలుదేరే వరుసకోసం ఖాళీ బాటమీద తాను చూపిన వేగంకంటె కూడా అది 8 సెకన్లు మెరుగు. ఇరవైఒకటో చుట్టులో మొదట కొలిన్స్‌నూ, ఆ వెనువెంటనే హాథార్న్‌నూ దాటి, చివరకు 3.6 సెకన్ల తేడాతో గెలిచాడు. ఐదోసారి ప్రపంచ విజేత అయ్యాడు. ఓడిన కుర్రవాళ్ళిద్దరూ తామే గెలిచినంత సంబరంతో ఆయన్ను అభినందించారు. తానెన్నడూ అంత తెగించి తోలలేదనీ, ఇకముందు తోలలేననీ ఫాంజియో తర్వాత చెప్పుకొన్నాడు. నిజంగానే ప్రపంచ విజేతల పోటీల్లో అదే ఆయనకు కడపటి గెలుపు.

ఆగడమే ఎల్లప్పుడూ సరైన లెక్క అని చెబితే పొరపాటు అవుతుంది. మరుసటి జనవరి 19న, 1958లో, ఫాంజియో సొంతగడ్డ మీదనే స్టిర్లింగ్ మాస్ దానికి ఎదురులెక్క చూపించాడు. మాస్ తోలింది కూపర్ అనే చిన్న తేలిక కారు. దాని చక్రాలు ఒక్కొక్కటి నాలుగు బోల్టులతో బిగించినవి, మార్చడానికి ఎంతో సేపు పడుతుంది. మాస్ పక్షంవాళ్ళు టైర్లు సిద్ధం చేసుకొంటున్నట్లు నటించారు. ఎదుటివాళ్ళు నమ్మారు. మాస్ ఆగలేదు. రబ్బరంతా అరిగి లోపలి దారాలు బయటపడ్డ టైర్లతో, నూనె పడిన చోట్లు వెతుక్కొంటూ జాగ్రత్తగా తోలి 2.7 సెకన్ల తేడాతో గెలిచాడు. ఫాంజియోకు నాలుగో స్థానం దక్కింది. తేలిక కారుకు ఆగకపోవడం లాభించింది, బరువు కారుకు ఆగడం లాభించింది. తొలివానకే విత్తాలా, ఇంకో పదునుకోసం విత్తనం చేతబట్టుకొని కాచుకోవాలా అన్నదానికి మా ఊళ్ళో కూడా ఒకటే జవాబు లేదు. ఎర్రనేలకు ఒక లెక్క, నల్లరేగడికి ఒక లెక్క. నేలనుబట్టే సేద్యం.

చివరిగా ఎప్పుడు పూర్తిగా ఆగిపోవాలో కూడా ఫాంజియోకు తెలుసు. 1958 ఫిబ్రవరిలో క్యూబా విప్లవకారులు ఆయన్ను హవానాలో ఎత్తుకుపోయి, మర్యాదగా చూసుకొని క్షేమంగా వదిలిపెట్టారు. ఆ జులై 6న ఫ్రాన్సులోని రెయిమ్స్‌లో నాలుగోవాడుగా పందెం ముగించి, ఇక చాలని కారు దిగేశాడు. అదే పందెంలో లుయిజీ ముస్సో మరణించాడు. నెల తిరగకముందే నూర్‌బర్గ్‌రింగ్‌లో కొలిన్స్ మరణించాడు. 1958లో ప్రపంచ విజేత అయిన హాథార్న్ 1959 జనవరిలో మామూలు రోడ్డుమీద కారు ప్రమాదంలో పోయాడు. ఆనాటి పందేలలో ప్రాణానికి హామీ లేదు. ఫాంజియో 51 ప్రపంచ స్థాయి పందేల్లో పాల్గొని 24 గెలిచాడు. అంటే దాదాపు రెండింటికి ఒకటి. ఇప్పటిదాకా అంతటి సగటు మరొక విజేతకు దక్కలేదు. ఐదు కిరీటాల ఆయన రికార్డును 2003లో మైకేల్ షుమాకర్ దాటేదాకా 46 ఏళ్ళపాటు ఎవరూ దాటలేకపోయారు.

ఇప్పటి ఫార్ములా వన్ చాలా మారింది. 2010నుంచి పందెం మధ్యలో ఇంధనం పోయడం నిషేధం. 2007నుంచి వాన లేని పందెంలో కనీసం రెండు రకాల రబ్బరు వాడాలన్న నియమం ఉంది కాబట్టి ఒక్కసారైనా ఆగక తప్పదు. నాలుగు టైర్లూ మార్చడానికి రెండు సెకన్లు, రెండున్నర సెకన్లు చాలు. 2023లో కతార్ పందెంలో మెక్‌లారెన్ పనివాళ్ళు 1.80 సెకన్లలోనే మార్చేశారు. కంప్యూటర్లు ప్రతి చుట్టుకూ లెక్కలు కడతాయి. అయితే లెక్క మాత్రం పాతదే. ఎప్పుడు ఆగాలి? ఆగి పోగొట్టుకొన్నదాన్ని మళ్ళీ సంపాదించుకొనే సత్తువ మనలో ఉందా?

ఫాంజియో తర్వాతి జీవితం నిరాడంబరంగా గడిచింది. తన దేశంలో మెర్సిడెస్ సంస్థకు పెద్దగా వ్యవహరించాడు. 1986లో బాల్కార్సేలో ఆయన పేర వస్తు ప్రదర్శనశాల తెరిచారు. ఎన్ని దేశాలు తిరిగినా ఊరిని మరవలేదు. 1995 జులై 17న బ్యూనస్ ఎయిరిస్‌లో కన్నుమూశాడు. తలా కొంత చందా వేసుకొని ఆయనకు కారు కొనిచ్చిన ఆ ఉర్లగడ్డల ఊరి మట్టిలోనే ఆయన్ను పూడ్చిపెట్టారు. తాపీమేస్త్రీ కొడుకు, బడి మధ్యలో మానినవాడు, 37 ఏళ్ళకు యూరపులో మొదటి గెలుపు చూసినవాడు, గొప్ప గెలుపుకు ముందు 45 సెకన్లు వెనకబడినవాడు. ఈసారి పరీక్షల హాల్లో కూర్చున్నప్పుడో, వానకోసం ఆకాశంవైపు చూస్తున్నప్పుడో మన మిత్రులకు ఆయన పేరు ఒకసారి మెదిలితే చాలు, నా రాతకు ఫలితం దక్కినట్లే.